కుటుంబ కంపెనీలు – బంధువుల వ్యాజ్యములు

మన ప్రాంతపు న్యాయస్థానములలో వినవచ్చు మాటలు పెక్కు ఉర్దూ నుండి వచ్చినవి. దావా, వకీలు, జప్తు, దస్తావేజు, వారసుడు, రాజీ – ఈ మాటలను నల్లగొండ రైతుగాని, మహబూబ్‌నగర్ వర్తకుడుగాని పరభాషా పదములని తలంపడు. అవి మన ఇంటిమాటలైపోయినవి. కోర్టుకెక్కిన తగవులు పెక్కు ఇంటిలో పుట్టినవే యగుట ఇందుకు ఒక కారణము కావచ్చును. పూర్వము ఆ తగవులు భూమిని గూర్చి సాగెడివి. గట్టు ఎవరిది, బావి నీటిలో వంతు ఎవరిది, తండ్రి పట్టా ఎవరి పేరికి మారవలెను అనునవే ప్రశ్నలు.

నేడు భూమితోపాటు మరియొక రకపు ఆస్తి మన కుటుంబములలోనికి వచ్చినది. మిర్యాలగూడ చుట్టును బియ్యపు మిల్లులు వెలసినవి. హుజూర్‌నగర్, మట్టపల్లి ప్రాంతములలో సున్నపురాయి ఆధారముగా సిమెంటు కర్మాగారములు లేచినవి. పాలమూరు వైపున ప్రత్తి జిన్నింగు మిల్లులు, నూనె మిల్లులు కలవు. ఇట్టివానిలో కొన్ని కుటుంబములు బ్యాంకు అప్పు కొరకో, పన్నుల సౌకర్యము కొరకో తమ వ్యాపారమును ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీగా నమోదు చేసికొన్నవి. గుమ్మముపై బోర్డు మారినది గాని ఇంటిలోని ఆలోచన మారలేదు. తండ్రి దానిని తన మిల్లే యనుకొనును. కుమారులు దానిని తండ్రి ఆస్తి యనుకొందురు. చట్టము మాత్రము అట్లు తలంపదు. బంధువుల వ్యాజ్యములకు మూలము ఈ తేడాయే. దానిని కొన్ని నిజమైన తీర్పుల సహాయమున వివరించుట ఈ వ్యాసపు ఉద్దేశము.

ఒక ఉదాహరణము

మొదట ఒక కల్పిత కుటుంబమును భావింతము. ఒక తండ్రికి ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె. తండ్రి తన మిల్లును కంపెనీగా మార్చి 10,000 వాటాలు ఏర్పరచెను. 4,000 తన పేరిట, 3,000 పెద్ద కుమారుని పేరిట, 3,000 చిన్న కుమారుని పేరిట వ్రాయించెను. కుమార్తె అప్పటికే అత్తవారింటికి పోయినది. “నీ వంతు నా దగ్గర భద్రముగ నున్నది బిడ్డా, నా తరువాత నీకే” అని ఆమెతో పలుమార్లు చెప్పెను. ఆ మాట విన్న బంధువులు పదిమంది కలరు. వ్రాసిన కాగితము మాత్రము ఒక్కటియు లేదు.

తండ్రి మరణించెను. పెద్దవాడు మేనేజింగ్ డైరెక్టరయ్యెను. చిన్నవాడు లెక్కలు చూపుమన్న “నాపై నమ్మకము లేదా?” యని పెద్దవాడు కోపించెను. చెల్లెలు తన వంతు అడిగిన “పెండ్లినాడు ఇచ్చినది చాలదా?” యని వదిన అన్నది. తల్లి ఇరువురి నడుమ కన్నీరు పెట్టుకొనుచున్నది. ఇందులో దొంగలు లేరు. ప్రతివాడు తనకు న్యాయమని తోచినదే మాటలాడుచున్నాడు. ఇప్పుడు ఈ తగవు వకీలు వద్దకు పోయినచో ఆయన మొదట అడుగునది ఎవరు ఎంత కష్టపడిరని కాదు, ఎవరికి ఎవరు ఏమి మాట ఇచ్చిరని కాదు. “సభ్యుల రిజిస్టరులో ఎవరి పేరున్నది?” అని అడుగును.

కంపెనీ యనగా నెవరు?

ఈ ప్రశ్నకు కారణము తెలియవలెనన్న లండను నగరమున చెప్పులు, బూట్లు చేయించి అమ్మిన అరన్ సాలమన్ అను వర్తకుని కథ తెలిసికొనవలెను. ఆయన 1892లో తన వ్యాపారమును కంపెనీగా మార్చెను. 20,007 వాటాలలో 20,001 ఆయనవి. మిగిలిన ఆరు ఆయన భార్యకు, అయిదుగురు సంతానమునకు ఒక్కొక్కటి. లోకము దృష్టిలో కంపెనీ యన్నను, సాలమన్ యన్నను ఒకటే. కొలది కాలమునకు వ్యాపారము చెడి అప్పులవారు ఆయనపై బడిరి. కింది కోర్టులు సాలమన్‌దే బాధ్యత యన్నవి. కాని 1896లో హౌస్ ఆఫ్ లార్డ్స్ వేరుగా తీర్పు చెప్పినది. చట్టప్రకారము నమోదైన కంపెనీ తన యజమానికంటె వేరగు ఒక వ్యక్తి. దాని ఆస్తి దానిదే, దాని అప్పు దానిదే అని నిర్ణయించినది. మన దేశపు కంపెనీల చట్టములును ఈ సూత్రముమీదనే నిలిచియున్నవి.

ఈ సూత్రమునకు రెండు వైపుల పదును కలదు. కంపెనీ నష్టపడినపుడు సాధారణముగా యజమాని ఇంటిని అప్పులవారు ముట్టరు, ఇది మేలు. అయితే, కంపెనీ ఆస్తి తన ఆస్తి యని యజమానియు చెప్పజాలడు. మిల్లు భూమి, యంత్రములు, గోదాములోని ధాన్యము – ఇవి తండ్రివి కావు, కంపెనీవి. తండ్రికి ఉన్నవి వాటాలు మాత్రమే. కావున ఆయన మరణానంతరము వారసులు పంచుకొనదగినవి కూడ ఆ వాటాలే. ఉమ్మడి కుటుంబమువలె “నడుమ గోడ కట్టుకొందము, నీకు ఆ యంత్రము, నాకు ఈ యంత్రము” అనుటకు వీలులేదు.

ప్రైవేటు కంపెనీకి ఇద్దరు సభ్యులున్న చాలును. 1956 చట్టము అత్యధిక సంఖ్యను 50గా నిర్ణయించగా, 2013 చట్టము దానిని 200కు పెంచినది. ఇట్టి కంపెనీ వాటాలు బజారులో అమ్ముడుపోవు. వాటాల బదిలీపై హద్దులు కంపెనీ నియమావళిలోనే యుండవలెను. ఈ నియమావళినే ఆర్టికల్స్ ఆఫ్ అసోసియేషన్ అందురు. కుటుంబ కంపెనీకి ఇది రాజ్యాంగము వంటిది. నమోదునాడు ఎవరో ఆడిటరు తెచ్చిన అచ్చు నమూనాపై చదువక సంతకము చేయుట పెక్కు కుటుంబములలో జరుగు పొరపాటు.

కృష్ణానది ఆవలి యొడ్డు కథ

నల్లగొండ నుండి మిర్యాలగూడ, దామరచర్ల మీదుగా పోయి వాడపల్లి వద్ద కృష్ణను దాటినచో ఆవలి యొడ్డు పల్నాడు. అచటి దాచేపల్లి, మాచవరము మండలములలో భూములుగల సంస్థ సరస్వతీ పవర్ అండ్ ఇండస్ట్రీస్ ప్రైవేట్ లిమిటెడ్. ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా నుండి 2009 సెప్టెంబరు 2న దివంగతులైన డాక్టర్ వై.యస్. రాజశేఖరరెడ్డి గారి కుటుంబమునకు సంబంధించిన కంపెనీ యిది. తెలుగువారు ఇటీవల ఎక్కువగా చర్చించుకొన్న కుటుంబ కంపెనీ వ్యాజ్యము దీనిని గూర్చినదే.

2019 ఆగస్టు 31న శ్రీ వై.యస్. జగన్మోహన్ రెడ్డి, ఆయన సోదరి శ్రీమతి షర్మిల నడుమ ఒక అవగాహన పత్రము వ్రాయబడినది. తరువాత ఈ కంపెనీ వాటాలను తల్లి శ్రీమతి విజయమ్మ గారికి ఇచ్చుటకు బహుమాన పత్రములు పుట్టినవి. 2024లో ఆ వాటాలు తల్లి పేరిట కంపెనీ రిజిస్టరులో నమోదైనవి. ఆ సంవత్సరము సెప్టెంబరులో శ్రీ జగన్మోహన్ రెడ్డి, ఆయన భార్య శ్రీమతి భారతి హైదరాబాదులోని నేషనల్ కంపెనీ లా ట్రిబ్యునల్‌ను ఆశ్రయించి, ఆ బదిలీ చెల్లదనియు, రిజిస్టరును సరిచేయవలెననియు కోరిరి. అక్టోబరులో అన్నాచెల్లెళ్ళ ఉత్తరములు పత్రికలకెక్కినవి.

ఉభయుల వాదములును గమనింపదగినవి. కోర్టు కేసులు తీరిన పిదప ఇచ్చెదమన్న ఉద్దేశముతో వ్రాసిన పత్రములే గాని అప్పుడే వాటాలు చేతులు మారలేదని సోదరుని పక్షము. అసలు వాటా పత్రములును, సంతకము చేసిన బదిలీ ఫారములును తాము అప్పగింపలేదని వారి వాదము. మనుమలు, మనుమరాండ్రు అందరికిని సమాన భాగము రావలెనని తండ్రి కోరెననియు, వ్రాసియిచ్చిన మాట నిలుపవలెననియు సోదరి పక్షము. వాటాలు న్యాయముగా తనకు సంక్రమించినవేయని తల్లి పక్షము. 2025 జూలై 29న ట్రిబ్యునల్ సోదరుని కోరికను మన్నించి, తల్లి పేరిట జరిగిన నమోదును రద్దుచేసి, రిజిస్టరును పూర్వస్థితికి తేవలెనని ఆదేశించినది. ఇట్టి ఆదేశములపై అప్పీలు చెన్నైలోని అప్పిలేట్ ట్రిబ్యునల్ ధర్మాసనమునకు పోవును. అచటి నుండి సుప్రీంకోర్టుకు పోవచ్చును.

ఆ ఇంటిలో ఎవరిది ధర్మమో నిర్ణయించుట మన పని కాదు. రాజకీయములు అసలే మన పని కాదు. విద్యార్థి గ్రహింపవలసినది ఒక్కటే. తండ్రి కోరిక ఏమి, అన్న ప్రేమ ఎంత యనునవి ట్రిబ్యునల్ ముందు ప్రధాన ప్రశ్నలు కావు. చట్టము కోరిన తంతు జరిగినదా లేదా యనునదే ప్రశ్న. ఆ తంతు ఏమో చూతము.

వాటా చేతులు మారు విధము

కంపెనీల చట్టము 56వ సెక్షను ప్రకారము కాగితపు రూపముననున్న వాటా బదిలీకి నిర్ణీతమైన ఫారము కలదు, దానిని ఎస్.హెచ్.-4 అందురు. దానిపై ఇచ్చువాడును, పుచ్చుకొనువాడును సంతకము చేయవలెను. తగిన స్టాంపు అతికింపవలెను. సంతకమైన తేదీనుండి 60 దినములలో వాటా పత్రముతో సహా కంపెనీకి అందజేయవలెను. బోర్డు ఆమోదించిన పిదప రిజిస్టరులో పేరు మారవలెను. తగిన కారణము లేక ఒకరి పేరు చేర్చినను, తీసివేసినను నష్టపడినవారు 59వ సెక్షను కింద ట్రిబ్యునల్‌లో సవరణ కోరవచ్చును. నేడు చిన్న కంపెనీలను మినహాయించి తక్కిన ప్రైవేటు కంపెనీలు కాగితపు వాటాలను డీమ్యాట్ రూపమునకు మార్చుకొనవలెనని నియమము వచ్చినది.

ఇచట హిబా విషయము మన విద్యార్థులు తప్పక తెలిసికొనవలెను. ముస్లిం ధర్మశాస్త్రమున హిబాకు మూడు అంగములు – ఈజాబ్, ఖబూల్, ఖబ్జా. ఇచ్చువాడు ఇచ్చితినని ప్రకటించుట, పుచ్చుకొనువాడు అంగీకరించుట, స్వాధీనము అప్పగించుట. నేడు కబ్జా యనగా భూముల ఆక్రమణ యని జనులు వాడుచున్నారు గాని, హిబాలో దానికి స్వాధీనమను శుద్ధమైన అర్థము. విశాఖపట్టణపు ఒక కుటుంబ వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2011లో ఈ మూడును సమకూరినచో హిబా కాగితముపై వ్రాసినంత మాత్రమున రిజిస్ట్రేషను అక్కరలేదని చెప్పినది. అది ఇంటిని గూర్చిన తగవు. వాటాల విషయమున ఇంకొక మెట్టు కలదు. తండ్రి కుమార్తెకు వాటాలు హిబా చేసినను, బదిలీ ఫారము, వాటా పత్రము కంపెనీకి చేరి రిజిస్టరులో ఆమె పేరు ఎక్కనంతవరకు ఆమె కంపెనీకి సభ్యురాలు కాదు. హిబానామా బీరువాలో నుండగా రిజిస్టరులో పేరు లేకపోవుటయే పెక్కు వ్యాజ్యములకు విత్తనము.

నోటిమాట విలువ ఎంత?

తమిళనాడులోని ఒక ప్రైవేటు కంపెనీలో ఇద్దరు నాయుడు సోదరులు 25 వాటాల చొప్పున మొత్తము 50 వాటాలు కలిగియుండిరి. రెండు శాఖలును ఎల్లప్పుడు సమానముగా నుండవలెననియు, ఎవరైనను అమ్మదలచినచో తమ శాఖవారికే మొదట అడుగవలెననియు 1951లో నోటిమాటగా ఒప్పందము జరిగినదని వాదము. సోదరులు గతించిన పిదప ఒక శాఖలోని కుమారుడు తన వాటాలను రెండవ శాఖవారికి అమ్మెను. సమతూకము చెడినది. రంగరాజ్ – గోపాలకృష్ణన్ వ్యాజ్యముగా అది సుప్రీంకోర్టుకు చేరినది. 1991లో వచ్చిన తీర్పు సారాంశమిది: వాటాల అమ్మకముపై హద్దు ఏదైనను కంపెనీ నియమావళిలో నుండవలెను, అందులో లేని ఒప్పందము కంపెనీని గాని, వాటాదారులను గాని బంధింపదు.

ఆ నియమమును నాడే నియమావళిలో ఒక వాక్యముగా చేర్చియుండినచో ఈ వ్యాజ్యమునకు చోటే లేకుండెడిది. కుటుంబమున మాటకు విలువ లేదని కోర్టు అనలేదు. ఆ మాటను కంపెనీకి వినిపించు మార్గము ఒకటున్నదని మాత్రమే చెప్పినది.

తల్లి కుదిర్చిన పంపకము

ఇంతకంటె పెద్ద ఉదాహరణము ఆంధ్ర తీరమునకు సంబంధించినది. రిలయన్స్ సంస్థల స్థాపకుడు ధీరూభాయి అంబానీ 2002 జూలైలో వీలునామా లేకయే మరణించెను. కుమారులు ముఖేష్, అనిల్ నడుమ తగవు పెరుగగా, తల్లి కోకిలాబెన్ పూనుకొని 2005 జూన్ 18న పంపకము ప్రకటించిరి. కాకినాడ సమీపమున గాడిమొగ వద్ద ఒడ్డుకు చేరు కృష్ణా–గోదావరి బేసిన్ సహజవాయువును అన్నగారి కంపెనీ తమ్ముని కంపెనీకి 17 ఏండ్లపాటు, దినమునకు 28 మిలియన్ ఘనమీటర్ల చొప్పున, యూనిటు 2.34 డాలర్లకు ఇచ్చుట ఆ ఏర్పాటులోని అంశము. తరువాత ప్రభుత్వము ఆమోదించిన ధర 4.20 డాలర్లు. తేడాయే తగవైనది.

2010 మే 7న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పు చెప్పినది. అందులో ఒకరు నేటి రంగారెడ్డి జిల్లా ఆకుల మైలారమున జన్మించిన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, ఆయన వేరుగా తీర్పు వ్రాసిరి. తల్లి, ఇద్దరు కుమారులు చేసికొన్న ఒప్పందము ఆ ముగ్గురి నడుమది. లక్షలాది వాటాదారులుగల కంపెనీని అది బంధింపదు. సహజవాయువు జాతి సంపద గనుక ధర విషయమున ప్రభుత్వ విధానమే ముఖ్యమని కోర్టు అభిప్రాయపడినది. రెండు కంపెనీలు తిరిగి చర్చించుకొనవలెనని ఆదేశించినది. ఆ నెలలోనే సోదరులు ఒకరితో ఒకరు పోటీపడరాదను పాత ఒప్పందమును రద్దుచేసికొని సామరస్యము ప్రకటించుట గమనార్హము. తల్లి మాట కుమారులకు శిరోధార్యము కావచ్చును. కంపెనీకి తల్లి లేదు; దానికి నియమావళియు, బోర్డు తీర్మానములును మాత్రమే కలవు.

ఆడబిడ్డ వంతు

తిరిగి మన కల్పిత కుటుంబమునకు వత్తము. తండ్రి పేరిట మిగిలిన 4,000 వాటాలు ఎట్లు పంచబడును? తండ్రి వీలునామా వ్రాయలేదనియు, అవి ఆయన స్వార్జితమనియు, ఆయన తల్లిదండ్రులు జీవించి లేరనియు అనుకొందము.

కుటుంబము ముస్లింలదైనచో అప్పులు, మహర్ తీర్చిన పిదప సంతానముగల భార్యకు ఎనిమిదవ వంతు, అనగా 500. మిగిలిన 3,500లో కుమారునికి రెండు పాళ్ళు, కుమార్తెకు ఒక పాలు. అనగా కుమారులకు 1,400 చొప్పున, కుమార్తెకు 700. కుటుంబము హిందువులదైనచో భార్య, ఇద్దరు కుమారులు, కుమార్తె నలుగురికిని 1,000 చొప్పున సమానము. ఉమ్మడి కుటుంబపు ఆస్తిలోనైనను కుమార్తెకు కుమారునితో సమానముగా పుట్టుకతో హక్కు కలదు. ఈ హక్కును ఆంధ్రప్రదేశ్ శాసనము 1985 సెప్టెంబరు 5 నుండియే, అవివాహితలైన కుమార్తెలకు, ఇచ్చినది. దేశమంతటికి 2005 సవరణతో వచ్చినది.

ఇప్పుడు లెక్క చూడుడు. ముస్లిం కుటుంబమున అన్నదమ్ములకు 4,400 చొప్పున, తల్లికి 500, చెల్లెలికి 700. ఏ సోదరునికిని సగము లేదు. తల్లి ఒకనివైపు చేరినను 4,900 మాత్రమే. చెల్లెలు ఎవరివైపు నిలిచిన వారికే 5,100, అనగా నూటికి 51 అగును. హిందూ కుటుంబమున అన్నదమ్ములకు 4,000 చొప్పున, తల్లికి, చెల్లెలికి 1,000 చొప్పున. తల్లి ఒకవైపు, చెల్లెలు ఒకవైపు చేరినచో 5,000కు 5,000, త్రాసు కదలదు. “ఆమెకేమి తెలియును” అని ప్రక్కకు పెట్టిన ఆడబిడ్డయే డైరెక్టరును నిలుపవలెనా, దించవలెనా యను ప్రశ్నకు జవాబైనది. వారసుల పేర్లు రిజిస్టరులో ఎక్కించుటకు కొందరు పెద్దలు ఏండ్ల తరబడి తాత్సారము చేయుటలోని రహస్యమిదియే.

ఇట్టి తాత్సారమునకు చట్టమున జవాబు కలదు. మరణించిన వాటాదారుని వారసులు తమ పేర్లు ఎక్కకముందే అన్యాయమును గూర్చి ఫిర్యాదు చేయవచ్చునని సుప్రీంకోర్టు వరల్డ్ వైడ్ ఏజెన్సీస్ వ్యాజ్యమున 1989లో చెప్పినది. నామినీగా పేరున్నంత మాత్రమున వాటాలు నామినీ సొంతము కావు, అసలు వారసుల హక్కు పోదని 2023 డిసెంబరులో మరియొక తీర్పు స్పష్టపరచినది. తండ్రి ఫారములో పెద్దకొడుకును నామినీగా వ్రాసెను గనుక అన్నియు ఆయనవే యను భ్రమ ఇక చెల్లదు.

అల్పసంఖ్యాకుల రక్షణ

కంపెనీలో ఎక్కువ వాటాలవారి మాటయే సాగును. సగముకంటె ఎక్కువ ఓట్లతో డైరెక్టరును తొలగింపవచ్చును. నియమావళి మార్చుటకు నాలుగింట మూడు వంతులు కావలెను. అట్లని ఎక్కువవారు తక్కువవారిని అణచివేయరాదు. దీనికొరకు 1956 చట్టమున 397, 398 సెక్షనులు ఉండెడివి. 2013 చట్టమున 241, 242 కలవు. ఈ ఫిర్యాదులను పూర్వము హైకోర్టు, 1991 నుండి కంపెనీ లా బోర్డు, 2016 జూన్ 1 నుండి నేషనల్ కంపెనీ లా ట్రిబ్యునల్ విచారించుచు వచ్చినవి.

ఫిర్యాదునకు నూరుగురు సభ్యులు గాని, మొత్తము సభ్యులలో పదియవవంతు గాని, వాటా ధనములో పదియవవంతు కలవారు గాని చాలును. మన ఉదాహరణములోని చెల్లెలికి నూటికి 7 వాటాలే. అయినను నలుగురు సభ్యులలో ఆమె ఒకతె గనుక ఒంటరిగా నిలువగలదు. చిన్న కంపెనీలలో ఈ సౌలభ్యమును చాలమంది ఎరుగరు.

ఏది అణచివేత? ఒకనాటి కోపము గాని, ఒక సమావేశపు నోటీసు ఆలస్యమగుట గాని కాదు. భారముగా, కఠినముగా, అన్యాయముగా ఎడతెగక సాగు ప్రవర్తనము కావలెనని కళింగ ట్యూబ్స్ వ్యాజ్యమున 1965లోనే సుప్రీంకోర్టు చెప్పినది. లెక్కలు దాచుట, తన మనుష్యులకే కొత్త వాటాలు కేటాయించి తమ్ముని భాగమును పలుచన చేయుట, కంపెనీ సొమ్మును సొంత వ్యాపారమునకు మళ్ళించుట – ఇట్టివి ఎడతెగక సాగినచో ఆ కోవలోనికి వచ్చును. అన్యాయము రుజువైనచో ట్రిబ్యునల్ అధికారములు విశాలమైనవి. ఒక పక్షపు వాటాలను రెండవ పక్షము న్యాయమైన ధరకు కొనవలెనని ఆదేశింపవచ్చును. మేనేజింగ్ డైరెక్టరును తొలగింపవచ్చును. అక్రమముగా పొందిన లాభమును రాబట్టవచ్చును.

ఇంగ్లండులో ఇబ్రాహీమీ, నజర్ అను ఇద్దరు తివాచీల వర్తకులు సమాన భాగస్వాములుగా నుండి తమ వ్యాపారమును కంపెనీగా మార్చుకొనిరి. నజర్ తన కుమారుని చేర్చుకొని, ఇరువురి బలముతో ఇబ్రాహీమీని డైరెక్టరు పదవి నుండి తొలగించెను. తొలగింపు చట్టమునకు లోబడినదే. అయినను పరస్పర విశ్వాసముపై కట్టిన కంపెనీలో ఆ విశ్వాసము చెడినచో కంపెనీని మూసివేయుట న్యాయమని 1972లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు చెప్పినది. ఇది కొంత ఊరట కలిగించు తీర్పు. కాగితము వెనుక మనుష్యులున్నారని న్యాయస్థానము మరువలేదు.

అయితే మూసివేయుట చివరి మందు. మిల్లు మూతబడినచో నష్టపడువారు అన్నదమ్ములు మాత్రమే కారు. హమాలీలు, గుమాస్తాలు, ధాన్యము అమ్మి డబ్బు కొరకు ఎదురుచూచు రైతులు – వీరెవ్వరును ఆ దావాలో పార్టీలు కారు. వారి పేర్లు ఏ రిజిస్టరులోను లేవు. ఇంటి తగవు ఊరి తగవగుట ఇట్లే.

చేయదగిన పనులు

కావున కుటుంబ వ్యాపారములలో ప్రవేశించు విద్యార్థులు కొన్ని విషయములు మనసున నుంచుకొనవలెను.

మొదటిది, సఖ్యతగా నున్నపుడే వ్రాసికొనవలెను. తగవు వచ్చిన పిదప వ్రాయబోయిన ప్రతి అక్షరమునకును అనుమానమే.

రెండవది, కుటుంబమున కుదిరిన షరతులను నియమావళిలో చేర్చవలెను. ఎవరైన అమ్మదలచిన ఎవరికి ముందు అడుగవలెను, ధర ఎవరు కట్టవలెను, ఒకరు మరణించిన వారసుల పేర్లు ఎన్ని దినములలో ఎక్కింపవలెను అను మూడు అంశములైనను అందులో నుండవలెను.

మూడవది, ఇచ్చునది నిజముగా ఇచ్చినచో బదిలీ పూర్తి చేయవలెను. తరువాత ఇయ్యదలచినచో “తరువాత” అనగా ఎప్పుడో, ఏ షరతుపైనో స్పష్టముగా వ్రాయవలెను.

నాలుగవది, లెక్కలు అడుగుట అవమానము కాదు. సభ్యునికి లెక్కల ప్రతి అందుకొను హక్కును, సభ్యుల రిజిస్టరును చూచు హక్కును చట్టమే యిచ్చినది.

ఐదవది, తల్లికిని, ఆడబిడ్డకును ధర్మముగా రావలసిన వాటాలను వారు అడుగకముందే వారి పేరిట వ్రాయవలెను. ఆ ఒక్కపని చేసిన ఇంటిలో సగము వ్యాజ్యములు పుట్టవు.

ఇన్ని చేసినను తగవు వచ్చినచో మొదటి మెట్టు కోర్టు కానక్కరలేదు. కుటుంబములు చేసికొను రాజీ ఒప్పందములను న్యాయస్థానములు ఆదరముతో చూచునని 1976లో కాలే వ్యాజ్యమున సుప్రీంకోర్టు విపులముగా చెప్పినది. ఆ తీర్పు వ్రాసినవారు జస్టిస్ ముర్తజా ఫజల్ అలీ. ఒప్పందము స్వచ్ఛందముగా, మోసము లేక, తగవును నిజముగా తీర్చుటకు జరిగినదై యుండవలెను. కంపెనీల చట్టము 442వ సెక్షను ప్రకారము విచారణ నడుమనైనను ఉభయులు మధ్యవర్తిని కోరవచ్చును. హైదరాబాదులో 2021లో ఆర్బిట్రేషను, మధ్యవర్తిత్వముల కొరకు ప్రత్యేక కేంద్రము ఏర్పడినది. అయితే అంబానీ తీర్పు పాఠమును మరువరాదు: రాజీ కుదిరిన పిదప దానిని కంపెనీ బోర్డు ముందుంచి, తీర్మానముగా మార్చిననే అది సంపూర్ణము.

ముగింపు

ఓడినవాడు కోర్టులో ఏడ్చిన, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చెనని మన పెద్దలు చెప్పిన సామెత అన్ని వ్యాజ్యములకు వర్తించును గాని, బంధువుల వ్యాజ్యములకు మరింత వర్తించును. ఏలయన, ఇచట గెలిచినవాడు ఏడ్చు ఇల్లును, ఓడినవాడు ఏడ్చు ఇల్లును ఒకటే. ట్రిబ్యునల్ వాటాలను తిరిగి ఇప్పింపగలదు, రిజిస్టరును సరిచేయగలదు, పండుగనాడు అన్న ఇంటికి చెల్లెలిని తీసికొనిరాలేదు.

విద్యార్థులారా! దావా, రాజీ – రెండును మనకు ఉర్దూ ఇచ్చిన మాటలే. రెండింటిలో ఏది మన ఇంటికి రావలెనో నిర్ణయించునది పెద్దలు మరణించిననాటి కోపము కాదు, వారు జీవించియున్ననాడు వ్రాసికొన్న కాగితము. మీ ఇంటిలో చిన్నదో పెద్దదో ఒక కంపెనీ యున్నచో ఈ సెలవులలో ఒకమారు దాని సభ్యుల రిజిస్టరు తెరచి చూడుడు. అందులో మీ తల్లి పేరు, మీ అక్కచెల్లెండ్ర పేర్లు కలవో లేవో తండ్రిగారిని వినయముతో అడుగుడు. అది అవిధేయత కాదు. ఆ ఇంటికి మీరు చేయగల మొదటి సేవ యదియే.